మగ్గం ఇంట్లో క్రోషా సూది
(సమాఖ్య వార్షికోత్సవం మహిళా సమావేశంలో షోలాపూర్ బృందం చేసిన ప్రసంగ పాఠం)



మేము షోలాపూర్ తూర్పు భాగం నుంచి వచ్చాం. పదకొండు మందిమి. మైకు ముందు నిలబడింది ఒక్కరే అయినా ఈ కాగితాల మీద ఉన్నది పదకొండు మంది కూర్చుని, పోట్లాడుకుని, కొట్టేసి, మళ్లీ రాసుకున్న మాటలు. అందుకే ఇందులో ఎక్కడా 'నేను' అని రాదు. తప్పులుంటే అవి కూడా మా అందరివే.

స్వెటర్లు, కార్డిగన్లు చేత్తో ఎట్లా అల్లుతారో చెప్పమని మమ్మల్ని పిలిచారు. చెప్తాం. దాంతోపాటు ఎంతకు అమ్మాలో కూడా చెప్తాం. మొదటిది నేర్చుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. రెండోది నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ దారిలో మాలో ఇద్దరు దూరమయ్యారు. ఆ సంగతి దాచకుండా చెప్పాలనే వచ్చాం.

మా ఇళ్ల సంగతి మీలో చాలామందికి తెలిసిందే. మా తాతల కాలంలో తెలంగాణ ఊళ్ల నుంచి మగ్గాన్ని, మార్కండేయుణ్ణి నమ్ముకుని షోలాపూర్ చేరాం. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. చాదర్లు, టర్కీ తువ్వాళ్లు షోలాపూర్ పేరును దేశమంతా మోశాయి. మగవాళ్లు కార్ఖానాకు పోతే ఆడవాళ్లం ఇంట్లో కూర్చుని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టాం. ఇప్పటికీ చుడుతున్నాం. మాలో ఐదుగురి ఒళ్లో పొద్దున చేట ఉంటుంది, సాయంత్రం సూది ఉంటుంది. బీడీ పని మానేసి గొప్పవాళ్లమైపోయామని చెప్పడానికి మేము ఇక్కడికి రాలేదు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కార్ఖానాలు ఆగినయి. ఆకు రాలేదు, తంబాకు రాలేదు. చేతులు ఊరికే ఉండటం మా ఇళ్లల్లో ఎవరికీ అలవాటు లేదు. మాలో ఒక వదినె చిన్నప్పుడు బడిలో క్రోషా నేర్చుకుంది. ఇంట్లో కోను అడుగున మిగిలిన నూలు తీసి కొత్తగా పుట్టిన మనవరాలికి టోపీ అల్లింది. ఆ టోపీ చూసి పక్కింటి అక్క అడిగింది. ఆమెను చూసి ఇంకొకరు అడిగారు. గుమ్మాల్లో దూరదూరంగా కూర్చుని నేర్చుకున్నాం.

మా ఇంటి పెద్దాయన ఒకరు అప్పుడే అన్నాడు: "మగ్గం నేసేటోళ్ల ఇంట్ల పుట్టి, ఈ కొక్కెం పట్టుకుని ఏం జేస్తరే?" ఆ మాట మాకు గుచ్చుకుంది. జవాబు దొరకడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ జవాబు ఇది.

నేతలో పడుగు ఉంటుంది, పేక ఉంటుంది. పడుగు బిగించి పెట్టాలి, నాడె అటూ ఇటూ పోవాలి. క్రోషాలో పడుగూ లేదు, పేకా లేదు. ఒకటే దారం, ఒకటే సూది. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగడం, అంతే. ఉన్ని స్వెటర్లు రెండు సూదులతో అల్లేది వేరే పని. అందులో ఉచ్చులన్నీ సూది మీద వరుసగా నిలబడి ఉంటాయి. క్రోషాలో చేతిలో ఎప్పుడూ ఒకటే ఉచ్చు. కుక్కర్ కూత పెట్టిందని లేచిపోయినా పాడయ్యేది ఆ ఒక్క కుట్టే. ఇల్లు నడుపుకునే ఆడదానికి ఇంతకంటే అనువైన పని లేదు. క్రోషే అంటే ఫ్రెంచి భాషలో చిన్న కొక్కెం. మా పెద్దాయన తెలియకుండానే సరైన పేరు పెట్టాడు.

ఇంకో సంగతి. రెండు సూదుల అల్లికకు యంత్రాలు వచ్చాయి. లూధియానాలో, తిరుప్పూరులో అవి రాత్రీ పగలూ తిరుగుతాయి. చేతిమగ్గానికి మరమగ్గం వచ్చింది. నిజమైన క్రోషా అల్లికను కార్ఖానాల్లో చేసే యంత్రం మాత్రం వాడుకలోకి రాలేదు. బజార్లో క్రోషా లాగా కనిపించే యంత్రపు బట్ట ఉంటుంది గానీ దాని అల్లిక వేరు. అంటే మీరు ఎక్కడైనా అసలు క్రోషా బట్ట చూస్తే, అది ఎంత చవకగా దొరికినా, దాని వెనక ఎవరివో రెండు చేతులు ఉన్నట్టే. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ సూది అన్నం పెట్టిన చోట్లు లోకంలో ఉన్నాయి. 1845 తర్వాత ఐర్లండులో ఆలుగడ్డ పంట కుళ్లిపోయి ఘోరమైన కరువు వచ్చినప్పుడు, అక్కడి ఆడవాళ్లు క్రోషా లేసు అల్లి ఇళ్లు నిలబెట్టుకున్నారు. మన తెలుగు నేల మీద నరసాపురం ఉంది. గోదావరి ఒడ్డున, ఇక్కడ మన మధ్య కూర్చున్న యానాం అక్కలకు అంత దూరమేమీ కాదు. క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లికను అక్కడి ఆడవాళ్లు నూరేళ్లకు పైగా చేస్తున్నారు. ఈ మధ్య దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నరసాపురం గురించి చివర్లో ఇంకొంచెం చెప్తాం.

ఇక పనిలోకి దిగుదాం. ముందు నూలు.

నేతవాళ్ల ఇళ్లల్లో నూలుకు కొదవ ఉండదు కాబట్టి మేము మొదట చేసిన తప్పు అదే. కోను మీది నూలు ఉన్నదున్నట్టు సూదికి తగిలించాం. మగ్గం నూలు వేరు, అల్లే నూలు వేరు. పడుగుకు గంజి పెట్టిన నూలయితే బిరుసుగా ఉంటుంది, సూదికి ఒదగదు, ఒంటికి గుచ్చుకుంటుంది. గంజి లేని నూలే తీసుకోవాలి. ఒంటి పోగు అయితే సన్నమైపోతుంది. అందుకని పోగులు కలపాలి.

ఎన్ని కలపాలి? ఇది నేతవాళ్ల లెక్కే, మనకు కొత్త కాదు. ఒకటో నంబరు నూలు ఒక పౌనుకు 840 గజాలు. 2/20 నూలు అంటే రెండు పోగులు కలిపింది కాబట్టి లెక్కకు పదో నంబరు. అంటే పౌనుకు 8,400 గజాలు. మన కొలతలో 100 గ్రాములకు సుమారు 1,690 మీటర్లు. స్వెటరుకు బాగుండే మధ్యరకం దారం 100 గ్రాములకు 200 మీటర్లు దాటి ఉండాలి. ఎనిమిది పోగులు కలిపితే 100 గ్రాములకు 211 మీటర్లు వస్తుంది. అదీ లెక్క. 2/20 నూలు ఎనిమిది పోగులు, 4 మిల్లీమీటర్ల సూది. పెద్దవాళ్ల కార్డిగనుకు 600 గ్రాములు, చిన్నపిల్లలకు 200 గ్రాములు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టండి.

పోగులు ఊరికే పక్కపక్కన పెట్టి అల్లితే సూది కొన్నింటిని పట్టుకుని కొన్నింటిని వదిలేస్తుంది. కొంచెం పురి పెట్టాలి. ఇక్కడ మాకు సాయపడింది ఎవరో తెలుసా? ఆ పెద్దాయనే. అటక మీది పాత రాట్నం దించి, తుడిచి, నూనె పెట్టి, "ఇట్ల బెడ్తరా పురి? తాడు పేనుతున్నరా, నూలు కలుపుతున్నరా?" అని మా చేతుల్లోంచి లాక్కున్నాడు. కొక్కెం గురించి ఆయన అభిప్రాయం మారిందని మేము అనం. పురి తప్పుగా ఉంటే చూడలేకపోయాడు, అంతే. ఇప్పటికీ మా నూలు ఆయనే కలుపుతాడు. మాతోపాటు ఆయనకూ గంట లెక్కన కూలి రాస్తాం. మొదట్లో వద్దన్నాడు. ఇప్పుడు నెలాఖరుకు అడిగి మరీ తీసుకుంటాడు.

రంగు అద్దిన నూలయితే తెల్లబట్ట తడిపి నూలు మీద గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ నూలు స్వెటరుకు వద్దు. పైగా రెండు రంగులు కలిపి అల్లితే మొదటి ఉతుక్కే మీ కష్టం బకెట్లోకి పోతుంది.

ఉన్ని మంచిదా, ఆక్రిలిక్ మంచిదా, నూలు మంచిదా అని చాలామంది అడుగుతారు. గొర్రె ఉన్నికి సాగి మళ్లీ దగ్గరపడే గుణం ఉంది, వెచ్చదనం ఎక్కువ. నీలగిరులకు, ఉత్తరాదికి పంపేటట్టయితే అది వాడండి. ఆక్రిలిక్ చవక, తేలిక, ఉతకడం సులువు. కానీ ఇస్త్రీ పెట్టె తగిలితే చచ్చుబడిపోతుంది, నిప్పు దగ్గర ప్రమాదం, కొన్నాళ్లకు ఉండలు కడుతుంది. మన ఊళ్ల చలి ఎట్లాంటిది? తెల్లవారుజామున వణుకు, పది దాటితే ఎండ. షోలాపూరు అంతే, బరంపురం అంతే, సేలం అంతే. బెంగుళూరులో కొంచెం ఎక్కువ. ఇలాంటి చలికి నూలు స్వెటరు సరిపోతుంది. చెమట పట్టదు, పసిపిల్లల ఒంటికి గుచ్చదు. పైగా అది మన నూలు.

కానీ నూలుకు ఒక పెద్ద లోపం ఉంది. దాన్ని మేము డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాం.

మాకు వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు ఎనిమిది కార్డిగన్లు. ఎంతో ముచ్చటపడి పెద్ద పెద్ద జాలీ కుట్లతో అల్లాం. బల్ల మీద పరిస్తే పూలతోటలా ఉన్నాయి. ఇచ్చి వచ్చాం. మూడు వారాలకు ఎనిమిదీ తిరిగొచ్చాయి. నడుము దాకా ఉండాల్సినవి మోకాళ్ల దగ్గరికి దిగాయి. చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి. నూలు బరువు, దానికి వెనక్కి లాక్కునే గుణం లేదు. కొక్కేనికి వేలాడదీస్తే తన బరువుకు తానే సాగుతుంది. ఆ రోజు మేము ఏడ్చాం. తర్వాత ఎనిమిదీ విప్పాం. క్రోషా విప్పడం చాలా తేలిక, చివర పట్టుకుని లాగితే చాలు. నలభై గంటల పని అరగంటలో ఉండైపోతుంది. ఆ అరగంట ఎట్లా ఉంటుందో విప్పినవాళ్లకే తెలుస్తుంది.

అప్పటినుంచి నూలు కార్డిగన్‌కు నాలుగు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఒకటి, జాలీ కుట్లు అంచుల్లోనే. ఒంటికంతా దగ్గర కుట్లు. రెండు, ముక్కలుగా అల్లి భుజాల దగ్గర, పక్కల్లో కుట్టు వెయ్యాలి. అతుకు లేని అల్లిక చూడ్డానికి బాగుంటుంది గానీ బరువు ఆపేది అతుకే. మూడు, రెండు భుజాల లోపల, మెడ వెనక సన్నటి నేసిన పట్టీ కుట్టాలి. నేసిన బట్ట సాగదు కాబట్టి అల్లిన బట్ట బరువు అది మోస్తుంది. పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇక్కడే మాకు సగం జవాబు దొరికింది. మగ్గం బట్ట మోస్తేనే క్రోషా నిలబడుతుంది. నాలుగు, కొన్నవాళ్ల చేతికి చీటీ ఇవ్వాలి: వేలాడదీయొద్దు, పిండొద్దు, నీడలో పరిచి ఆరబెట్టండి, మడిచి పెట్టండి.

ఇక కొలత. ఇది విసుగు పని. మా పిల్లలు దీన్ని ఎగ్గొట్టాలని చూస్తారు. అసలు పని మొదలుపెట్టే ముందు అదే నూలుతో, అదే సూదితో, అదే కుట్టుతో జానెడు నమూనా ముక్క అల్లండి. ఉతకండి, ఆరబెట్టండి, తర్వాత 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టండి. ఛాతీ కొలత 96 సెంటీమీటర్లనుకోండి. వదులుకు 10 కలిపితే 106. మీ ముక్కలో 10 సెంటీమీటర్లకు 16 కుట్లు ఉంటే మొత్తం 170 కుట్లు వేసుకోవాలి. అదే 170 కుట్లు, మీ చెయ్యి వదులై 10 సెంటీమీటర్లకు 15 మాత్రమే వచ్చాయనుకోండి. చుట్టుకొలత 113 దాటుతుంది. ఒక్క కుట్టు తేడాకు ఏడు సెంటీమీటర్లు. ఇద్దరు మనుషులు కలిసి ఒక స్వెటరు అల్లితే ఎందుకు కుదరదో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. కోపంగా ఉన్న రోజు అల్లింది బిగుతుగా, పండగ రోజు అల్లింది వదులుగా వస్తుంది. మేము చూసిందే చెప్తున్నాం.

ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకునే ఆడపిల్లలకు ఒక హెచ్చరిక. అమెరికావాళ్లు సింగిల్ అన్న కుట్టును బ్రిటన్‌వాళ్లు డబుల్ అంటారు. వాళ్ల డబుల్ వీళ్లకు ట్రెబుల్. మా చెల్లెళ్లిద్దరు ఒకే కార్డిగనుకు ఒక్కో చెయ్యి ఒక్కో వీడియో చూసి అల్లారు. ఒక చెయ్యి మణికట్టు దాకా, ఇంకోటి మోచేతి దాకా. ముందు ఏ దేశం లెక్కో చూసుకుని మొదలుపెట్టండి.

మొదటిసారి అల్లేవాళ్లకు మేము చెప్పే నమూనా ఒకటుంది. రెండు ఆరుమూలల ముక్కలతో కార్డిగన్. మధ్యలో చిన్న వలయంతో మొదలుపెట్టి, ప్రతి చుట్టులో ఆరు చోట్ల మూల తిప్పుతూ పోవాలి. చతురస్రానికి నాలుగు మూలలు ఎట్లా తిప్పుతామో అట్లాంటి మూలలే, కాకపోతే ఆరు. నాలుగైతే బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. ఆరైతే ముడతలు పడి లేస్తుంది. తప్పు చేశామనుకుని విప్పకండి. అట్లా లేవాలి. ముక్క సరిపోయేంత పెద్దదయ్యాక మడిస్తే దానంతటదే మూలమట్టం ఆకారంలో కూర్చుంటుంది. నిలువు భాగం సగం ఒళ్లు, అడ్డ భాగం చెయ్యి. భుజం నుంచి చెయ్యి పొడుగునా ఒక కుట్టు వేస్తే సగం కార్డిగన్ తయారు. ఇట్లాంటిదే ఇంకోటి అల్లి వీపు మధ్యలో రెండూ కలపండి. చేతులకు, కింది అంచుకు కావలసినన్ని వరుసలు పెంచుకోండి. కత్తిరింపు లేదు, చంక గుండ్రం లెక్క లేదు. చిన్నపిల్లలకు చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. కంతలున్న కుట్లు వెయ్యకండి, పసివాళ్ల వేళ్లు ఇరుక్కుంటాయి. గుండీలు నాలుగుసార్లు లాగి చూడండి, ఊడితే నోట్లో పెట్టుకుంటారు.

మధ్యలో ఒక సరదా మాట. ఈ కార్డిగన్ అనే పేరు ఇంగ్లండులో కార్డిగన్ ప్రభువు అనే ఒక సేనాపతి నుంచి వచ్చింది. 1854లో క్రిమియా యుద్ధంలో బాలక్లావా అనే చోట గుర్రపు దండును నడిపినవాడు. మెడ నుంచి చంకకు ఏటవాలుగా కుట్టే చేతిని రాగ్లాన్ అంటారే, ఆ రాగ్లాన్ అదే యుద్ధంలో ఆయన పైఅధికారి. మన తాతలు చెవులమీదుగా దించుకునే మంకీ క్యాప్‌ను ఇంగ్లీషువాళ్లు బాలక్లావా అంటారు. ఒకే యుద్ధం నుంచి మూడు పేర్లు వచ్చాయి. ఆ సైనికుల కోసం చలిబట్టలు అల్లిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక్కరి పేరు కూడా ఏ బట్టకూ పెట్టలేదు. పేరు మాట పక్కన పెడదాం. కూలి మాట మాట్లాడుకుందాం.

మా పని కుదురుకున్నాక ఒక వ్యాపారి వచ్చాడు. పెద్దవాళ్ల కార్డిగన్లు 60 కావాలి, నూలు తానే ఇస్తాడు, ఒక్కోదానికి 450 రూపాయల కూలి. మొత్తం 27,000 రూపాయలు. ఆ అంకె విని మా కళ్లు తిరిగాయి. అంత డబ్బు మేము ఒక్కసారిగా చూడలేదు. ఆ రాత్రే మాలో డిగ్రీ చదివే అమ్మాయి నోటు పుస్తకం తెరిచింది. ఒక కార్డిగన్ అల్లడానికి, అతకడానికి, గుండీలు కుట్టడానికి కలిపి 40 గంటలు. 60 కార్డిగన్లకు 2,400 గంటలు. 27,000ను 2,400తో భాగిస్తే గంటకు 11 రూపాయల 25 పైసలు.

ఆ అమ్మాయి తప్పు చేసిందేమోనని మూడుసార్లు లెక్క చేయించాం. తప్పు లేదు.

వ్యాపారిని అడిగాం. ఆయన కోప్పడలేదు, నవ్వాడు. "ఇంట్లో ఊరికే కూర్చుని, టీవీ చూస్తూ చేసే పనే కదా వహినీ" అన్నాడు. ఆ ఒక్క మాటలోనే అంతా ఉంది.

నరసాపురం గురించి చివర్లో చెప్తామన్నాం కదా. మేరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ ఊరి లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం వేసింది. అందులో ఆమె చెప్పిన ముఖ్యమైన సంగతి ఇదే. అక్కడి ఆడవాళ్లు రోజంతా అల్లుతారు. ఆ లేసు దేశాలు దాటిపోతుంది. అయినా వాళ్లను పనివాళ్లని ఎవరూ అనరు, ఇంట్లో కూర్చున్న గృహిణులు అంటారు. వాళ్లు చేసేది తీరిక వేళ పని అంటారు. తీరిక పని అన్న పేరు పడ్డాక కూలి ఎంత తక్కువ ఇచ్చినా చెల్లిపోతుంది. ఆ సంగతి చదివి చెప్పింది కూడా మా డిగ్రీ అమ్మాయే. అప్పుడు మాలో ఒక ముసలి అక్క అంది: "బీడీ పనికి గూడ గట్లనే అన్నరు గద. ఇంట్ల కూసుండి చేసేదే అని."

మేము ఆ ఆర్డరు వద్దన్నాం. వద్దనడం ఇక్కడ చెప్పినంత తేలిగ్గా జరగలేదు. పదమూడు మందిలో ఇద్దరు ఒప్పుకుందామన్నారు. ఒకరింట్లో ఆ నెల అప్పు కిస్తీ ఉంది. ఇంకొకరి భర్త పనిచేసే కార్ఖానా మూడు నెలలుగా మూత. వాళ్లకు గంటకు పదకొండు రూపాయలైనా రూపాయలే. మిగతా వాళ్లం ఏం చేశామంటే, "మీ వల్లే అందరి కూలీ పడిపోతుంది" అని నలుగురిలో మాట అన్నాం. వాళ్లు లేచిపోయారు. ఆ పని తీసుకున్నారు. ఇద్దరే రాత్రింబవళ్లు కూర్చుని చేసినన్ని చేశారు.

లెక్క మాదే సరైనది. మాట మాత్రం తప్పు. ఆ రోజు మేము చేయాల్సింది లెక్క చూపించి వదిలేయడం కాదు, అందరం కలిసి ఆ నెల కిస్తీకి సర్దడం. సంఘం అన్నాక ఆకలితో ఉన్నవాళ్లకు నీతి చెప్పే ముందు అన్నం సంగతి చూడాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఎనిమిది నెలల తర్వాత తిరిగొచ్చారు. ఇంకొకరు ఇప్పటికీ రాలేదు. నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం దగ్గర ఎదురుపడితే పలకరిస్తుంది, ఇంటికి రమ్మంటే మాట మారుస్తుంది. ఆమె ఈ సంచిక ఫోన్లో చదువుతుందని మాకు ఆశ. వదినె, ఆ రోజు మేమన్న మాట తప్పు. మీ కుర్చీ అట్లనే ఉంది.

ఆ తర్వాత మేము పెట్టుకున్న పద్ధతి చెప్తాం. కావాలనుకున్నవాళ్లు రాసుకోండి.

ప్రతి ఒక్కరి సంచిలో చిన్న నోటు పుస్తకం ఉంటుంది. కూర్చున్న టైము, లేచిన టైము రాస్తాం. మొదట్లో నవ్వులాటగా ఉండేది. నెల తిరిగేసరికి మేము ఎంత పని చేస్తున్నామో మాకే తెలిసి భయమేసింది. గంటకు 40 రూపాయలకు తగ్గకూడదని తీర్మానం చేసుకున్నాం. ఇది కూడా ఎక్కువేమీ కాదు. పెద్దవాళ్ల కార్డిగనుకు 40 గంటలకు 1,600. నూలు, రంగు 240. గుండీలు, పట్టీ 60. సంఘం నిధికి 100. మొత్తం 2,000. చిన్నపిల్లల కార్డిగన్ 12 గంటలు, కూలి 480, సామాను 90, నిధికి 30, మొత్తం 600. ఈ లెక్క చీటీ మీద రాసి బట్టకు కడతాం. 'ఈ కార్డిగన్ అల్లడానికి 40 గంటలు పట్టింది' అన్న వాక్యం చదివినవాళ్లలో కొందరు కిందపెట్టి వెళ్లిపోతారు. కొందరు బేరం ఆడటం ఆపేస్తారు. ఆ రెండో రకం వాళ్లే మా కొనుగోలుదారులు. వాళ్లు చాలామంది లేరు. పిల్లల కార్డిగన్లు బాగా పోతాయి, పెద్దవి నెలకు ఒకటో రెండో. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాం. ఇది ఇల్లంతా నడిపే సంపాదన కాదు. ఒక పిల్ల కాలేజీ ఫీజు, ఒక ఇంటి కరెంటు బిల్లు, ఒక అత్తగారి మందులు. అంతవరకు వస్తుంది.

నిధిలో పోగయ్యే డబ్బు దేనికి? కిస్తీ రోజున ఎవరి చెయ్యీ చాలకపోతే దానికి. ఆ పాఠం మాకు ఖరీదైనదే.

ఒంటి సంగతి కూడా. బీడీ చుట్టి చుట్టి అరిగిన వేళ్లకు ఇంకో పని తగిలిస్తున్నాం. ముప్పావు గంటకోసారి సూది కింద పెట్టండి, మణికట్లు తిప్పండి, దూరంగా చూడండి. నల్లదారం రాత్రి దీపం కింద అల్లొద్దు. పట్టు లావుగా ఉన్న సూది వాడండి, సన్నటి ఇనుప సూదికి గుడ్డ చుట్టుకున్నా మేలే.

చివరిగా సమాఖ్య పెద్దలకు రెండు విన్నపాలు. మొదటిది, మాకు ఇంకో ఉచిత శిక్షణ శిబిరం వద్దు. శిబిరాల్లో ఇచ్చిన సర్టిఫికెట్లు మా ఇళ్లల్లో చాలా ఉన్నాయి. మన వాళ్ల కార్ఖానాల్లో, నూలు దుకాణాల్లో కోను అడుగున మిగిలే గంజి లేని నూలును కిలోల లెక్కన సరైన ధరకు మహిళా బృందాలకు ఇప్పించండి. ఉచితంగా వద్దు, ధరకే. రెండోది, మన సభల్లో అతిథులకు శాలువాలు కప్పుతాం కదా. వాటిలో కొన్నయినా మన ఇంటి ఆడవాళ్లు అల్లినవి కొనండి. కొనేటప్పుడు "మనవాళ్లే కదా, తగ్గించండి" అనకండి. మనవాళ్లే కాబట్టి తగ్గించమనకండి.

సేలం అక్కలు, బరంపురం అక్కలు, దొడ్డబళ్లాపూర్, యానాం అక్కలు, మీ దగ్గర ఎవరైనా ఈ పని చేస్తుంటే గంటల పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. వచ్చే ఏడాది మళ్లీ కలిసినప్పుడు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసుకుందాం. ఒక ఊళ్లో వద్దన్న కూలికి ఇంకో ఊళ్లో ఒప్పుకోకుండా ఉండాలంటే ముందు మనకు ఒకరి లెక్క ఒకరికి తెలియాలి.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇది. ఏం జేస్తరే అంటే, నేతవాళ్లు ఎప్పుడూ చేసిందే చేస్తున్నాం తాతా. నూలును బట్ట చేస్తున్నాం. ఈసారి గంటలు మాత్రం మేమే రాసుకుంటున్నాం.

హాలు బయట కుడివైపు బల్ల మీద మా నమూనాలు ఉన్నాయి. సూదులు, నూలు కూడా పెట్టాం. భోజనాలయ్యాక రండి, కూర్చోండి. మొదటి ఉచ్చు వెయ్యడం ఐదు నిమిషాల్లో వస్తుంది. మిగతాది నెమ్మదిగా నేర్చుకుందాం.